సూర్యుడి మచ్చ పుట్టుకను పట్టుకునే ప్రయత్నం

సూర్యుడి మచ్చలకు మూలం అయస్కాంత క్షేత్రమని తెలిసి వందేళ్లు దాటింది. మచ్చ పుట్టుకను తొలి ఘడియ నుంచీ చూడటం మాత్రం నిన్నమొన్నటి ముచ్చట.

1908లో అమెరికాలోని మౌంట్ విల్సన్‌పై జార్జ్ ఎలరీ హేల్ మచ్చ వెలుగును వర్ణపటంగా విడదీసి చూశాడు. అయస్కాంత క్షేత్రంలో వర్ణరేఖలు చీలతాయని 1896లోనే పీటర్ జీమన్ ప్రయోగశాలలో చూపించాడు. ఆ చీలికే మచ్చలోనూ కనిపించింది. లెక్కగడితే క్షేత్రం దాదాపు 3 వేల గాస్‌లని (గాస్ అంటే అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం) తేలింది. మన భూమిది అర గాస్‌కు అటూఇటూ!

1952లో బాబ్‌కాక్ తండ్రీకొడుకులు తయారుచేసిన, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మాగ్నెటోగ్రాఫ్‌తో బలహీన క్షేత్రాలకూ పటం గీయడం వీలైంది. అయస్కాంత పీడనం వల్ల ప్లాస్మా (విద్యుదావేశమున్న వేడి వాయువు) పలచబడి, క్షేత్రపు కట్టలు లోపలి నుంచి పైకి తేలతాయని 1955లో యూజీన్ పార్కర్ వివరించాడు.

అయినా ఒక చిక్కు మిగిలింది. కట్ట ఎక్కడ పైకి వస్తుందో తెలియదు. మచ్చ కనిపించాక టెలిస్కోపు అటు తిప్పితే పుట్టుక అప్పటికే అయిపోయి ఉంటుంది. ఆ మధ్యలో రాత్రులు, మబ్బులు సరేసరి. నాసా 2010 ఫిబ్రవరిలో పంపిన ఎస్‌డీఓ అనే సూర్య పరిశీలక ఉపగ్రహం ఈ లోటు చాలావరకు తీర్చింది. అందులోని హెచ్‌ఎంఐ పరికరం మనకు కనిపించే సూర్యబింబమంతటా అయస్కాంత క్షేత్రాన్ని 45 సెకన్లకోసారి కొలుస్తుంది. మచ్చ వచ్చాక రికార్డును తీరిగ్గా వెనక్కి తిప్పి చూసుకోవచ్చు.

2011 ఫిబ్రవరిలో పుట్టిన 11158వ నంబరు మచ్చల ప్రాంతాన్నే తీసుకోండి. పటంలో మొదట నలుపు, తెలుపు చుక్కలు (రెండు వ్యతిరేక ధ్రువాలకు గుర్తులు) కలగాపులగంగా లేచాయి. తర్వాత ఒకే ధ్రువత ఉన్నవి ఒకచోట చేరాయి. పక్కపక్కనే రెండు జంటలు ఎదిగాయి. నడుమ ఒకదాని తెలుపు, మరొకదాని నలుపు ఒరుసుకున్నాయి. 15వ తేదీన ఆ సరిహద్దు వద్దే ఎక్స్2.2 జ్వాల (అన్నిటికన్నా తీవ్రమైన ఎక్స్ తరగతిది) ఎగసింది.

శ్రీహరికోట నుంచి 2023లో వెళ్లిన ఆదిత్య-ఎల్1 కూడా ఇలాంటి పటాలు తీస్తుందని కొందరు అనుకుంటారు. నిజానికి దాని మాగ్నెటోమీటర్ కొలిచేది తానున్న చోటి క్షేత్రాన్నే.

మచ్చ పైకి రాకముందే పసిగట్టవచ్చా అన్నది ఇంకా తెగని పంచాయితీ. సూర్యుడి లోపల 60 వేల కిలోమీటర్ల లోతున, అక్కడ సాగే ధ్వని తరంగాల్లో ఒకటి రెండు రోజుల ముందే జాడ దొరికిందని 2011లో స్టాన్‌ఫర్డ్ బృందం ప్రకటించింది. ఇతరులు సందేహించారు. 20 వేల కిలోమీటర్ల లోతున కట్టల వేగం సెకనుకు 150 మీటర్లు మించదని 2016 నాటి అధ్యయనం తేల్చింది. అది చుట్టూ ఉడికే ప్లాస్మా కదలికల వేగమే. అలాంటప్పుడు ఆ రొదలోంచి కట్ట జాడను విడదీయడం కష్టం.