ఫోన్‌లో మూత తెరవని పెట్టెలు

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను కుప్పకూల్చింది. 'విజ్ఞానం' అన్న మాటలో మనం రోజూ రాసే 'జ్ఞా' అనే సంయుక్తాక్షరం మధ్యలో కంటికి కనిపించని ఒక విడదీత గుర్తును చేర్చి ఎవరైనా సందేశంగా పంపితే, దాన్ని తెరపై చూపబోయిన యాప్ అక్కడికక్కడే మూతపడేది. ఆ నెల 19న ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6ను విడుదల చేశాకే ఆ బాధ తీరింది. అంతవరకూ తెలుగు లిపి స్వభావం ఎరిగినవారు హైదరాబాద్‌లో ఎంతమంది ఉన్నా వారు చేయగలిగింది ఎదురుచూడటమే, ఎందుకంటే అక్షరాలను పేర్చే ఆ ప్రోగ్రామ్ సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన మూలపాఠం, కంపెనీ గోడల మధ్యే ఉంది. ఆండ్రాయిడ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ అదే పని చేసే హార్ఫ్‌బజ్ అనే ప్రోగ్రామ్‌ను మాత్రం ఎవరైనా తెరిచి చదవవచ్చు, దిద్దవచ్చు, దిద్దినదాన్ని పదిమందికీ పంచవచ్చు.

ఈ వెసులుబాటు అక్షరాల దగ్గరే ఆగిపోకుండా ఫోన్ మొత్తానికీ ఉండాలంటే ఏం చేయాలన్నదే ఈ వ్యాస విషయం. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టును ప్రకటించాక క్రమంగా స్థిరపడిన నిర్వచనం ప్రకారం, ప్రోగ్రామ్‌ను ఏ పనికైనా నడుపుకునే, చదివి మార్చుకునే, ప్రతులను పంచుకునే, మార్చిన ప్రతులను కూడా పంచుకునే స్వేచ్ఛలు నాలుగూ ఉన్నదే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఆంగ్లంలో 'ఫ్రీ' అన్న ఒకే మాట రెండర్థాలనిచ్చి తికమక పెడుతుంది గానీ, మనకు 'ఉచితం' వేరు, 'స్వేచ్ఛ' వేరు. గ్నూ/లినక్స్‌ను తెలుగులోకి తెచ్చిన హైదరాబాద్ సంస్థ తన పేరునే 'స్వేచ్ఛ' అని పెట్టుకుంది.

ఆండ్రాయిడ్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే కదా అని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. గూగుల్ ప్రచురించే ఆండ్రాయిడ్ మూల ప్రాజెక్టులో ఎక్కువ భాగం అపాచీ లైసెన్సు కిందా, దాని అడుగున ఉండి హార్డ్‌వేర్‌ను నడిపే లినక్స్ కెర్నల్ జీపీఎల్ రెండో వెర్షన్ కిందా అందరికీ అందుబాటులో ఉన్నాయి. అయితే దుకాణంలో కొన్న ఫోన్‌లో వీటికి పైన ఒకటి, కింద ఒకటి మూసిన పొరలుంటాయి. పైపొరలో గూగుల్ ప్లే సర్వీసెస్ వంటివి ఉంటాయి. నోటిఫికేషన్లు అందడం, చోటు గుర్తించడం వంటి పనులకు ఎన్నో యాప్‌లు వాటిపైనే ఆధారపడతాయి. చూడటానికి పెద్ద అడ్డంకిలా కనిపించే ఈ పొర నిజానికి తేలికైనది. సయనోజెన్‌మాడ్ అనే ప్రత్యామ్నాయ ఆండ్రాయిడ్ 2016 చివర్లో ఆగిపోయాక దాని వారసత్వంగా వచ్చిన లినేజ్‌ఓఎస్ ఆ సర్వీసులు లేకుండానే నడుస్తుంది. వాటి స్థానంలో పని చేసేందుకు మైక్రోజీ అనే స్వేచ్ఛా ప్రోగ్రామ్ ఉంది. స్వేచ్ఛా యాప్‌ల కోసం 2010 నుంచి ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ భాండాగారం ఉంది.

కింది పొర దగ్గరే అసలు చిక్కు. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు దుకాణాలు తిరిగి విడిభాగాలు కొని కంప్యూటర్ కూర్చుకున్నవారికి తెలిసే ఉంటుంది, దాదాపు ఏ మదర్‌బోర్డు మీదైనా ఒకే లినక్స్ పెన్‌డ్రైవ్ పని చేస్తుంది. ఏ భాగం ఎక్కడుందో అడిగితే చెప్పే ప్రామాణిక పద్ధతులు పీసీలో ఉండటమే అందుకు కారణం. ఫోన్‌లో అటువంటి ఏర్పాటు లేదు. తెర ఏ తీగకు తగిలించి ఉంది, ఛార్జింగ్ చిప్ ఏ చిరునామాలో పలుకుతుంది, కెమెరాకు ఎన్ని వోల్టులివ్వాలి అన్న వివరాలన్నీ 'డివైస్ ట్రీ' అనే పట్టికలో ఒక్కో మోడల్‌కు విడివిడిగా రాసి కెర్నల్ చేతికి ఇవ్వాలి. పైకి కవల పిల్లల్లా కనిపించే రెండు ఫోన్లకు కూడా ఒకే పట్టిక పనికిరాకపోవచ్చు.

పట్టిక దొరికినా పని ముగియదు. కెర్నల్ లైసెన్సు ప్రకారం తయారీదారు తాను మార్చిన కెర్నల్ కోడ్‌ను వెల్లడించాలి. అందువల్ల కెర్నల్‌లో పలుచని డ్రైవర్ (పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్) ఒకటి మాత్రం ఉంచి, కెమెరా, గ్రాఫిక్స్, సెన్సర్ల అసలు నడవడిని కెర్నల్ బయట, సోర్స్ కోడ్ ఇవ్వని లైబ్రరీలు అనే ప్రోగ్రామ్ ముక్కలలో పెట్టడం ఈ పరిశ్రమకు అలవాటైంది. లైసెన్సు అక్షరాన్ని పాటిస్తూ దాని ఉద్దేశాన్ని గట్టున పెట్టిన ఏర్పాటు ఇది అని నా అభిప్రాయం. దీనికి తోడు వైఫై, బ్లూటూత్, జీపీఎస్ చిప్‌లలో దేనికదిగా ఫర్మ్‌వేర్ అనే సొంత ప్రోగ్రామ్ నడుస్తుంది. లినేజ్‌ఓఎస్ సైతం ఈ మూసిన ముక్కలను తయారీదారు సాఫ్ట్‌వేర్ నుంచి యథాతథంగా తెచ్చుకుని వాడుకోవలసిందే.

దీని ఫలితం నాకు అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో అర్థమైంది. బ్యాటరీ మార్పించుకోవడానికి పాత ఫోన్ తీసుకెళితే, మరమ్మతు చేసే అబ్బాయి భూతద్దం కింద బోర్డు పరీక్షించి, "బోర్డు మంచిగనే ఉంది సార్, అప్‌డేట్లే రావు ఇగ" అన్నాడు. అతను చెప్పింది అక్షరాలా నిజం. తయారీదారు కొత్త కెర్నల్‌కు తగ్గట్టుగా ఆ మూసిన లైబ్రరీలను మళ్లీ తయారు చేసి ఇవ్వనంతకాలం, ఫోన్ పాత కెర్నల్‌కే, దానిలోని భద్రతా లోపాలకే కట్టుబడి ఉంటుంది.

అన్నిటికన్నా లోతైన పెట్టె మోడెమ్. మనం ఒకటే అనుకునే ఫోన్‌లో నిజానికి రెండు కంప్యూటర్లున్నాయి: యాప్‌లు నడిపేది ఒకటి, టవర్‌తో మాట్లాడేది మరొకటి. రెండోదానికి సొంత ప్రాసెసర్, సొంత ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటాయి. దాని కోడ్ తయారీదారు బయట ఎవరికీ కనిపించదు. కొన్ని ఫోన్లలో అది ప్రధాన ప్రాసెసర్‌తో మెమరీని కూడా పంచుకుంటుంది కాబట్టి, పైన ఎంత స్వచ్ఛమైన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఎక్కించినా, కిరాయిదారుకు పోర్షన్ అప్పగించి మారు తాళంచెవి ఓనరు దగ్గరే ఉంచుకున్నట్టవుతుంది. ఈ భయం ఊహాజనితం కాదు. 2010 నుంచి పూర్తి స్వేచ్ఛాయుతమైన ఆండ్రాయిడ్ కోసం పని చేస్తున్న రెప్లికెంట్ బృందం, కొన్ని సామ్‌సంగ్ గెలాక్సీ ఫోన్లలో మోడెమ్ అడిగితే ఫోన్ నిల్వలోని ఫైళ్లను చదివే, రాసే, తుడిచే ఆదేశాలను అమలు చేసే ప్రోగ్రామ్ ఉందని 2014లో బయటపెట్టింది. దాని స్థానంలో తాము రాసిన ప్రోగ్రామ్‌లో ఆ ఆదేశాలకు చోటివ్వలేదు.

మోడెమ్‌ను తెరవలేకపోతే దూరంగానైనా కూర్చోబెట్టాలన్నది తరవాత వచ్చిన ఆలోచన. 2017లో జనం నుంచి నిధులు సేకరించి 2019లో అందించడం మొదలుపెట్టిన లిబ్రెమ్ 5 ఫోన్‌లో మోడెమ్‌ను ఊడదీయగల కార్డుగా అమర్చారు. మోడెమ్‌కు, వైఫైకి, కెమెరా-మైకులకు విద్యుత్తు ఆపేసే మూడు మీటలు ఫోన్ పక్కనే ఉంటాయి. పైన్‌ఫోన్ అనే మరో లినక్స్ ఫోన్‌లో ఆ మీటలు వెనక మూత కింద ఉంటాయి. రెండింటిలోనూ మోడెమ్ యూఎస్‌బీ ద్వారా మాట్లాడే బయటి పరికరమే తప్ప మెమరీలో భాగస్వామి కాదు. ఇది తెలివైన రాజీయే గానీ రాజీయే. మోడెమ్ కోడ్‌నే స్వేచ్ఛగా రాయాలని 2010లో ఆస్మోకామ్‌బీబీ బృందం ప్రయత్నించి, క్యాలిప్సో చిప్ వాడిన పాత మోటరోలా ఫోన్ల మీద దాన్ని నడిపి చూపింది. అయితే అది 2జీ కాలపు చిప్. 2016లో వచ్చిన జియో తొలినుంచీ 2జీ ఊసే లేని నెట్‌వర్క్. అక్కడ మాట కూడా వోల్టే (VoLTE) రూపంలో డేటాగానే ప్రయాణిస్తుంది. 4జీ, 5జీ ప్రమాణాలు ఎంత పెద్దవో చూస్తే, స్వచ్ఛందంగా పని చేసే చిన్న బృందం ఇప్పట్లో ఈ పెట్టె మూత తీస్తుందని నేను అనుకోను.

మిగిలిన పెట్టెల విషయంలో మాత్రం నాకు ఆశ ఉంది. మూసిన డ్రైవర్ చిప్‌కు పంపే ఆదేశాలను దారిలో పట్టుకుని, ఒక్కొక్కటి మార్చి చూస్తూ, ఏ బిట్ ఏ పని చేస్తుందో రాసుకుంటూ పోవడాన్ని రివర్స్ ఇంజనీరింగ్ అంటారు. వివాదం రాకుండా ఒక జట్టు పరిశీలించి వివరణ రాస్తే, అసలు కోడ్‌ను చూడని మరో జట్టు ఆ వివరణను బట్టి కొత్త ప్రోగ్రామ్ రాసే పద్ధతి కూడా ఉంది. క్వాల్‌కామ్ అడ్రెనో గ్రాఫిక్స్ చిప్‌ల కోసం రాబ్ క్లార్క్ మొదలుపెట్టిన ఫ్రీడ్రెనో డ్రైవర్ రివర్స్ ఇంజనీరింగ్ ద్వారానే పుట్టింది. మన దేశ చట్టం ఈ విషయంలో మనవాళ్లు అనుకునేదానికన్నా ఉదారమైనది. 1957 నాటి కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(ఏబీ) ప్రకారం, ప్రోగ్రామ్‌ను చట్టబద్ధంగా పొందినవారు, స్వతంత్రంగా రాసిన మరో ప్రోగ్రామ్ ఇతర ప్రోగ్రామ్‌లతో కలిసి పని చేయడానికి అవసరమైన సమాచారాన్ని, అది వేరే విధంగా సులభంగా దొరకనప్పుడు, రాబట్టుకోవడం ఉల్లంఘన కాదు.

స్టాల్‌మన్ స్థాపించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ తన నలభయ్యో ఏట, 2025 అక్టోబర్‌లో ప్రకటించిన లిబ్రేఫోన్ ప్రాజెక్టు పట్టుకున్నది ఈ దారినే. మరో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ రాయడం వారి లక్ష్యం కాదు; ఉన్నవాటిలో మిగిలిన మూసిన ముక్కలను లెక్కగట్టి, అవి తక్కువగానూ తేలికగానూ ఉన్న ఫోన్‌ను ఎంచుకుని, వాటికి ప్రత్యామ్నాయాలు రాయడం. నా దృష్టిలో కొరత ప్రోగ్రామర్లది కాదు, చిప్ గురించిన రాతపూర్వక సమాచారానిది. నాంపల్లిలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే రాయదుర్గం చేరతాం. అక్కడి పరిసరాల్లో క్వాల్‌కామ్ వంటి సంస్థల పెద్ద ఇంజనీరింగ్ కేంద్రాలున్నాయి. జగదీశ్ మార్కెట్ బల్ల మీది ఫోన్‌కు కావలసిన సమాచారం ఈ ఊళ్లోనే ఉండి ఉండవచ్చు, గోప్యతా ఒప్పందాల కింద.

సాఫ్ట్‌వేర్‌తో తీరని ఇబ్బందులూ ఉన్నాయి. చాలా ఫోన్లలో బూట్‌లోడర్‌కు, అంటే ఫోన్‌ను మొదట నిద్రలేపే ప్రోగ్రామ్‌కు, తాళం ఉంటుంది. కంపెనీ సంతకం లేని సిస్టమ్‌ను అది నడవనివ్వదు. తాళం తీసినా, ఫోన్ అసలు స్థితిలో లేదని పసిగట్టి కొన్ని బ్యాంకు యాప్‌లు పని చేయబోమంటాయి. ఇరానీ చాయ్‌కి కూడా క్యూఆర్ కోడ్ చూపే నగరంలో ఇది చిన్న విషయం కాదు. మామూలు ఫోన్ల కోసం రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో ప్రారంభించిన యూపీఐ 123పే వంటి మార్గాలు స్మార్ట్‌ఫోన్ యాప్‌తో నిమిత్తం లేకుండా నడుస్తాయి కాబట్టి, స్వేచ్ఛా ఫోన్ వాడేవారికి అవే కొంత ఆసరా.

కొత్త బ్యాటరీ వేయించిన నా ఫోన్‌లో ఇప్పుడు పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ అనే లినక్స్ నడుస్తోంది. ఫోన్‌కు పదేళ్ల ఆయుష్షు ఇవ్వాలన్న లక్ష్యంతో 2017లో మొదలైన ప్రాజెక్టు అది. తెర వెలుగుతుంది, హార్ఫ్‌బజ్ పుణ్యమా అని 'జ్ఞా' చక్కగా కనిపిస్తుంది, వైఫై కూడా మూసిన ఫర్మ్‌వేర్‌తోనే అయినా అందుతుంది. కాల్ వస్తుంది గానీ అవతలివారి మాట ఒకసారి వినిపిస్తే ఒకసారి వినిపించదు. కెమెరా తెరిస్తే నల్లటి చతురస్రం ఒక్కటే కనిపిస్తుంది; దాని సెన్సర్‌కు డివైస్ ట్రీలో రాయవలసిన వరుసలు ఇంకా ఎవరూ రాయలేదు.