పిల్లల సొంత ఆలోచన, రాజ్యం పెట్టిన బడి: 250 ఏళ్ల కథ

పిల్లలు సొంతంగా ఆలోచించడం లేదు, బట్టీ పట్టి రాసేస్తున్నారు అనే మాట ఏ దేశంలోనైనా వినిపించేదే. నింద వెంటనే సిలబస్ మీదికో, టీచర్ల మీదికో, ఈ మధ్య అయితే ఫోన్ల మీదికో పోతుంది. కానీ ఈ గొడవ ఇవాళ్టిది కాదు. దేశమంతటికీ ఒకే చదువు అనే ఆలోచన ఎప్పుడు పుట్టిందో అప్పుడే ఇదీ పుట్టింది. ఆ చరిత్ర చదువుతుంటే నాకు బలంగా అనిపించేది ఒకటుంది: బడిలో ఏం చెప్తున్నారన్నదాని కంటే, చెప్పింది వచ్చిందో లేదో ఎవరు ఎలా తనిఖీ చేస్తున్నారన్నదే పిల్లల బుర్రని ఎక్కువగా మలుస్తుంది. పుస్తకాలు మార్చడానికి ప్రభుత్వాలు ఎప్పుడూ సిద్ధమే. దిద్దే పద్ధతి దగ్గరికొచ్చేసరికి ఆగిపోతాయి.

మొదలు ఆనాటి జర్మన్ రాజ్యం ప్రష్యాలో. 1763లో రెండో ఫ్రెడరిక్ రాజు ఊళ్లలో పిల్లలందరినీ ఐదో ఏట నుంచి బడికి పంపాల్సిందేనని శాసనం చేశాడు. బడులు, విశ్వవిద్యాలయాలు రాజ్యానికి చెందిన సంస్థలని 1794 నాటి చట్టం తేల్చిచెప్పింది. ఆ తర్వాత 1806లో నెపోలియన్ చేతిలో ప్రష్యా చిత్తుగా ఓడింది, దాంతో దేశాన్ని మళ్లీ నిలబెట్టేది బడే అన్న నమ్మకం అక్కడ పాతుకుపోయింది. 1807–08 చలికాలంలో ఫిఖ్టే అనే తత్వవేత్త బెర్లిన్‌లో వరుసగా ఉపన్యాసాలిచ్చాడు. కొత్త చదువు విద్యార్థి సంకల్ప స్వేచ్ఛను మొదలంటా తీసేయాలని, మనం కోరుకోమన్నది తప్ప ఇంకోటి కోరుకోవడం అతనికి చేతకాకుండా చేయాలని అందులో చెప్పాడు. దాపరికం లేకుండా, దేశభక్తితో చెప్పిన మాట అది.

మరుసటి ఏడాది, 1809లో, అదే ప్రష్యా విద్యావ్యవహారాలు విల్హెల్మ్ ఫాన్ హంబోల్ట్ చేతికొచ్చాయి. ఈయన కుర్రవాడిగా ఉన్నప్పుడు చదువులో రాజ్యం వేలు పెట్టకూడదని రాసినవాడు. మనిషి తనంతట తాను ఎదగాలి, ఉద్యోగానికి తర్ఫీదు ఆ తర్వాతి సంగతి అన్నది ఆయన నమ్మకం. పదవిలో ఉన్నది ఏడాదిన్నర కూడా కాదు, ఆ కాస్త టైంలోనే బెర్లిన్ విశ్వవిద్యాలయానికి పునాది వేశాడు. ఒకే దేశం, దాదాపు ఒకే సమయం, పూర్తిగా ఎదురెదురు ఆలోచనలు. రెండూ బతికాయి, కాకపోతే వేర్వేరు చోట్ల: హంబోల్ట్ కోరిన స్వేచ్ఛ విశ్వవిద్యాలయం దాకా వెళ్లగలిగిన కొద్దిమందికి దక్కింది, పల్లెటూరి బడికి ఫిఖ్టే కోరిన క్రమశిక్షణే మిగిలింది. ఇవాళ చాలా దేశాల్లో కనిపించే తేడా ఇదే అని నేననుకుంటాను. డబ్బున్న బడిలో చర్చ, లేని బడిలో చెప్పింది అప్పజెప్పడం.

ఆ మాత్రం చదువుకే రాజ్యం భయపడింది. రాజు అధికారం మీద 1848లో చెలరేగిన విప్లవం చల్లారాక ప్రష్యా రాజు టీచర్ల శిక్షణ కేంద్రాల అధిపతులను పిలిచి, జరిగిన అనర్థానికంతా మీరే కారణం అని తిట్టాడు. 1851లో కిండర్‌గార్టెన్లను నిషేధించారు. 1854లో వచ్చిన నిబంధనలు టీచర్ కాబోయేవాళ్లు ఏం చదవాలో కత్తిరించేసి, ప్రాథమిక బడిని మతబోధన, కీర్తనలు కంఠస్థం చేయించడం, కాస్త లెక్కలు, రాత దగ్గరికి తెచ్చాయి. పిల్లలు ఆలోచించకుండా ఉండాలంటే ముందు టీచర్ని ఆలోచించనివ్వకూడదని వాళ్లకు బాగా తెలుసు. విచిత్రం ఏంటంటే, ఈ కత్తిరింపులకు కొన్నేళ్ల ముందే, 1843లో, హొరేస్ మాన్ అనే విద్యా సంస్కర్త అమెరికా నుంచి వచ్చి ఈ ప్రష్యా బడుల్నే చూసి, మెచ్చుకుంటూ రిపోర్టు రాశాడు.

అన్నిటికంటే నన్ను ఆపేసిన ఘట్టం ఇంగ్లండ్‌ది. అక్కడ భావజాలంతో పని లేకుండా, కేవలం జమాఖర్చుల పుస్తకంతో అదే ఫలితం వచ్చింది. 1862లో రాబర్ట్ లో (Lowe) అనే మంత్రి బడులకిచ్చే ప్రభుత్వ సాయానికి కొత్త నియమావళి తెచ్చాడు. ఫలితాన్ని బట్టి డబ్బు అన్నది దాని సారాంశం. పిల్లవాడి హాజరుకు 4 షిల్లింగులు, చదవడం, రాయడం, లెక్కలు మూడూ పాసైతే 8 షిల్లింగులు. ఒక్కదాంట్లో తప్పితే 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టర్ వస్తాడు, ఒక్కో పిల్లని నిలబెట్టి చదివిస్తాడు, రాయిస్తాడు, లెక్క చేయిస్తాడు, రిజిస్టర్‌లో గుర్తు పెట్టుకుంటాడు. టీచర్ జీతం చాలాచోట్ల ఆ గుర్తుల మీదే ఆధారపడింది.

ఇక తరగతి గదిలో ఏమవుతుందో ఊహించుకోవడం కష్టం కాదు. ఇన్‌స్పెక్టర్ చదివించేది ఫలానా పుస్తకం నుంచే అని ముందే తెలుసు కాబట్టి, ఏడాదంతా ఆ ఒక్క పుస్తకాన్నే తిప్పి తిప్పి చదివించారు, చివరికి పేజీ చూడకుండా చెప్పగలిగిన పిల్లలు ఎంతోమంది, ఆ వాక్యాలకు అర్థం ఏంటని అడిగితే నోరు విప్పలేనివాళ్లూ వాళ్లే. చరిత్ర, భూగోళం లాంటివి మొదట్లో డబ్బు తెచ్చిపెట్టేవి కావు కనుక పక్కకు పోయాయి. మాథ్యూ ఆర్నాల్డ్ అనే కవి ఆ కాలంలో ఇన్‌స్పెక్టర్‌గా పనిచేస్తూ, బడుల్లో చురుకుదనం చచ్చిపోతోందని, అంతా యాంత్రికంగా తయారైందని తన ప్రభుత్వానికే రిపోర్టుల్లో మొత్తుకున్నాడు. అయినా ఈ పద్ధతి పూర్తిగా పోవడానికి 1890ల దాకా పట్టింది. పిల్లల్ని మొద్దుల్ని చేయాలని అక్కడ ఎవరూ అనుకోలేదు. ఖర్చుకు తగ్గ ఫలితం రావాలనుకున్నారు, అంతే. కానీ తనిఖీ దేనికుంటే చదువు దానికే అయిపోయింది.

భారతదేశానికి పరీక్షల పద్ధతి వచ్చింది కూడా ఈ కాలపు ఇంగ్లండ్ నుంచే. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో ఏర్పడ్డాయి. అంటే మొదట్లో అవి పాఠం చెప్పేవి కావు, పరీక్ష పెట్టి డిగ్రీ ఇచ్చేవి. పాఠం చెప్పే మనిషి ఒకచోట, ప్రశ్న తయారుచేసే మనిషి ఇంకోచోట, వీళ్లిద్దరికీ ముఖపరిచయం ఉండదు. ఇలాంటి ఏర్పాటులో ఏ లెక్చరర్ అయినా ప్రశ్న ఏం వస్తుందో ఊహించి దానికి నోట్స్ చెప్పడమే క్షేమం అనుకుంటాడు. స్వాతంత్ర్యం రాగానే 1948లో వేసిన రాధాకృష్ణన్ కమిషన్, విశ్వవిద్యాలయ విద్యలో ఒకే ఒక్క సంస్కరణ చెప్పమంటే పరీక్షల సంస్కరణే చెప్తామని రాసింది. అప్పటికే 90 ఏళ్లు గడిచిపోయాయి.

జపాన్ కథ వేరే రకంగా బాధపెడుతుంది. 1872లో దేశవ్యాప్త విద్యా వ్యవస్థ మొదలైంది, 1890లో చక్రవర్తి పేరిట విద్యా ఆదేశపత్రం వచ్చింది, దాన్ని ప్రతి బడిలో భక్తితో చదివేవారు. 1904 నుంచి ప్రాథమిక బడులన్నిటికీ ప్రభుత్వ పుస్తకాలే. 1945లో యుద్ధం ఓడిపోయాక, కొత్త పుస్తకాలు అచ్చయ్యేదాకా ఆగే వీలు లేక, పిల్లల చేతికి కుంచె, సిరా ఇచ్చి, ఫలానా పేజీలో ఫలానా పంక్తులు నల్లగా పూసేయమని టీచర్లే చెప్పారు. నిన్నటిదాకా నిలబడి గౌరవంగా చదివిన వాక్యాలవి, చదివించింది కూడా ఆ టీచర్లే. 1947లో కొత్త విద్యాచట్టం వచ్చింది, మరుసటి ఏడాది పాత ఆదేశపత్రం రద్దయింది. ప్రభుత్వ తనిఖీ మాత్రం పోలేదు, పుస్తకాలను ముందుగా పరిశీలించి ఆమోదించే పద్ధతిగా మారింది. తన చరిత్ర పుస్తకంలో మార్పులు చేయమన్నందుకు సబురో ఇయెనాగా అనే చరిత్రకారుడు 1965లో కోర్టుకెక్కాడు. మొత్తం మూడు కేసులు, 1997 దాకా. కొన్ని అంశాల్లో ప్రభుత్వం చట్టాన్ని మీరిందని తేలింది కానీ, ముందస్తు ఆమోదం అనే పద్ధతి రాజ్యాంగబద్ధమే అన్నారు.

ఫ్రాన్స్‌ని చాలామంది ఆదర్శంగా చూపిస్తారు, బడి ముగింపు పరీక్షలో తత్వశాస్త్రం మీద నాలుగు గంటల పేపర్ ఉంటుంది కాబట్టి. నాకూ ఆ పరీక్ష అంటే గౌరవమే. అదీ నిర్భయంగా బతికిందేం కాదు, 1852లో, మూడో నెపోలియన్ హయాంలో, తత్వశాస్త్రాన్ని బడుల్లో తర్కం వరకు కుదించేశారు, 1863లో విక్టర్ డ్యురుయి విద్యామంత్రి అయ్యాక తిరిగి తెచ్చాడు. ఇవాళ్టికీ అక్కడి పిల్లలు వాదం, ప్రతివాదం, సమన్వయం అనే మూసను, నాలుగు కొటేషన్లను ముందే సిద్ధం చేసుకుని వెళ్తారనే విమర్శ ఉంది. ఆలోచనకు పెట్టిన పరీక్షకు కూడా గైడ్లు వచ్చేశాయన్నమాట.

తనిఖీని నిజంగా సడలించిన దేశంగా ఫిన్లాండ్‌ని చెప్పుకోవచ్చు. 1968 చట్టంతో మొదలుపెట్టి 1970ల్లో పిల్లలందరికీ ఒకే తొమ్మిదేళ్ల బడి తెచ్చారు. మొదట్లో అదీ కేంద్రం గట్టిగా నడిపించిన వ్యవస్థే. 1970ల చివర్లో టీచర్లకు మాస్టర్స్ డిగ్రీ తప్పనిసరి చేశారు, ఆ తర్వాత 1990ల మొదట్లో బడి ఇన్‌స్పెక్షన్లు, పుస్తకాల ముందస్తు ఆమోదం ఎత్తేశారు. ఈ వరుస ముఖ్యం. ముందు టీచర్ని తయారుచేసి, తర్వాత వదిలిపెట్టారు. మిగతా దేశాలు ఫిన్లాండ్‌ని కాపీ కొడతామన్నప్పుడల్లా మొదటి సగం వదిలేస్తాయి, ఎందుకంటే దానికి పదీ పదిహేనేళ్లు పడుతుంది, ఆ లోపల ప్రభుత్వాలు మారిపోతాయి.

నా వాదనకు కాస్త ఎదురు తగిలే విషయం కూడా ఒకటి చెప్పాలి. పదిహేనేళ్ల పిల్లలకు చాలా దేశాల్లో పెట్టే పీసా పరీక్షల్లో, 2022లో మొదటిసారి సృజనాత్మక ఆలోచనను కొలిచారు, 2024లో ఫలితాలొచ్చాయి. మొదటి స్థానం సింగపూర్‌ది, 60కి 41. పరీక్షల ఒత్తిడికి పేరుపడ్డ దేశం అది. అయితే ఆ దేశం 1997లోనే ఆలోచించే బడులు కావాలని ప్రకటించి, దానికోసం సిలబస్ తగ్గించి, తర్వాత్తర్వాత చిన్న తరగతుల పరీక్షల్ని కూడా తగ్గిస్తూ వచ్చింది, కాబట్టి అది మరీ ఎదురేం కాదు. పైగా పీసా అడిగింది పిల్లలకు రకరకాల కొత్త ఆలోచనలు తోస్తాయా, వాటిని మెరుగుపరచగలరా అని. ఇయెనాగా పుస్తకం లాంటి దాన్ని ఆమోదించాలా వద్దా అని పదిహేనేళ్ల పిల్ల తన వాదన తాను కట్టుకోగలదా, ప్రభుత్వం చెప్పింది తప్పని ఆధారాలతో రాయగలదా అన్నది ఏ ర్యాంకులోనూ కనిపించదు.

ఎక్కడైనా కొత్త విద్యావిధానం వస్తోందంటే నేను వెతికేది జవాబుపత్రాలు దిద్దేవాళ్లకిచ్చే సూచనల్ని. కీలో లేని జవాబును సరైన తర్కంతో రాస్తే మార్కు వేసే అధికారం దిద్దేవాళ్లకు ఉందా, వేశాక పైనుంచి సంజాయిషీ అడగకుండా ఉంటారా, ఒక్కో పేపర్‌కి ఎన్ని నిమిషాలిస్తున్నారు. విధానపత్రంలో మొదటి పేజీ నిండా విమర్శనాత్మక ఆలోచన అని ఉన్నా, ఈ మూడింటి గురించి ఒక్క లైనైనా లేకపోతే ఆ తరగతి గదిలో జరగబోయేది 1862 నాటి ఇంగ్లండ్‌లో జరిగిందే.