మమ్మీ ఫొటో చూశాక

బల్లార్షా

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ తాత దీవెనలు.

హైదరాబాద్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ముందు మీరు దిగిన ఫొటో చూశాను. "చనిపోయిన మనిషిని అద్దాల పెట్టెలో పెట్టడం తప్పు కాదా తాతా?" అని అడిగారు. ఫోన్లో తేలే మాట కాదని ఇలా రాస్తున్నా.

పుణె జిల్లాలో ఇనాంగావ్ అనే ఊరుంది. 1968 నుంచి 1983 దాకా డెక్కన్ కాలేజీ పురావస్తు పరిశోధకులు అక్కడ తవ్వితే, మూడు వేల ఏళ్ల కిందటి రైతుల ఊరు బయటపడింది. పసిబిడ్డ పోతే ఆ తల్లిదండ్రులు ఊరి బయటికి మోసుకుపోలేదు. రెండు కుండల్లో బిడ్డను ఉంచి, మూతికి మూతి ఆనించి పడుకోబెట్టి, ఇంటి నేల కిందే పూడ్చుకున్నారు. కొందరు పెద్దవాళ్లను మాత్రం పాదాలు నరికి పాతారు! దయ్యమై నడిచి రాకుండా అని పండితుల ఊహ. నాకు అంత నమ్మకం లేదు.

నమ్మదగ్గవి పళ్లు. చిన్నతనంలో తిండి లేకనో పెద్ద జబ్బు చేసో ఎదుగుదల ఆగితే, అప్పుడు తయారవుతున్న పంటి ఎనామిల్ (గట్టి పైపొర) మీద అడ్డంగా ఒక గీత పడుతుంది. ఎనామిల్ మళ్లీ పెరగదు కాబట్టి ఆ గీత అలాగే ఉండిపోతుంది. అది పంటి మీద ఎక్కడుందో కొలిచి, ఆ మనిషి సుమారు ఏ వయసులో ఆ బాధ పడ్డాడో చెప్తారు. పేదింటి బిడ్డ ఆకలిని ఏ రాజు శాసనంలో రాయించాడు? అందుకే తవ్వి చదవడం తప్పనను. డీఎన్ఏ మాత్రం మన వేడికి నిలవడం కష్టం. హర్యానాలోని సింధు నాగరికత నాటి ఊరు రాఖీగఢీలో 60కి పైగా ఎముకల నమూనాలు పరీక్షిస్తే ఒక్క స్త్రీదే పనికొచ్చింది. ఆ ఫలితం 2019లో వచ్చింది.

చూపించడం వేరే సంగతి. ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియం 2020లో 120 మానవ అవశేషాలను ప్రదర్శన నుంచి తీసేసింది. వాటిలో మన ఈశాన్య ప్రాంతపు నాగా తెగల పూర్వీకులవీ ఉన్నాయి. మా వాళ్లను మాకు పంపండని నాగా పెద్దలు అడుగుతున్నారు. 2024లో ఇంగ్లండులోనే ఒక నాగా పుర్రెను వేలానికి పెట్టబోతే గొడవై ఆగిపోయింది. పుర్రెకు రేటు కట్టడమేమిటి, చోద్యం కాకపోతే!

అడిగేవాళ్లుంటే ఇచ్చేయాల్సిందే. మన పక్క గడ్చిరోలిలో మాడియా గోండులు పోయిన పెద్దలకు ఇప్పటికీ రాళ్లు నిలబెడతారు. అలాంటి చోట తవ్వాలంటే, ఢిల్లీ నుంచి పర్మిషన్ వచ్చినా సరే, ముందు వాళ్లనడగాలి. మీరు చూసిన మమ్మీ కోసం, నాకు తెలిసి, అడిగేవాళ్లెవరూ రాలేదు. గుడ్డలు విప్పకుండానే స్కానింగ్ తీసి చూశారు, జాగ్రత్తగా కాపాడుతున్నారు, అంతవరకు బాగుంది. దాని ముందు నాలుక బయటపెట్టి ఫొటో దిగడమే బాగాలేదు.

దసరా సెలవులకు రండి, నాగపూర్ దగ్గరి జునాపానికి పోదాం. అక్కడ సుమారు 300 రాతి వలయాలున్నాయి, అన్నీ పాతకాలపు సమాధులే. అమ్మకు చెప్పి టికెట్లు ముందే బుక్ చేయించండి, పండగ రద్దీలో దొరకవు.

ఇట్లు,
మీ తాత