పెరుగన్నం పిల్లి, మత్తి చేప పిల్లి

చెన్నైలో మాంసం ముట్టని తెలుగిళ్లలో పిల్లికి దక్కేది చాలావరకు పెరుగన్నమే. కాశిమేడు రేవులో తిరిగే పిల్లికి మత్తి (సార్డీన్) చేపల తలకాయలు దొరుకుతాయి. రెండూ బతికేస్తాయి. కానీ వాటి తెల్ల రక్తకణాల పొరలోని సరుకు మాత్రం ఒకటి కాదు.

కణాన్ని చుట్టి ఉండే పొర ప్రధానంగా కొవ్వే. అందులోని కొవ్వు ఆమ్లాలు కొన్ని తిండి నుంచి రావలసిందే. కొవ్వు బొత్తిగా లేని తిండి పెడితే ఎలుకల తోకలు పొలుసులు కడతాయని 1929లో అమెరికాలో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ దంపతులు చూపించారు. ఆ లోటును లినోలియిక్ ఆమ్లం తీరుస్తుందని మరుసటి ఏడాది తేల్చారు. నువ్వుల నూనెలో అది దండిగా ఉంటుంది. దాన్ని అరాకిడోనిక్ ఆమ్లంగా మార్చుకోవడం మనకూ కుక్కకూ చేతనవును. పిల్లికి ఆ మార్పు చేసే ఎంజైము బలహీనం. అందుకే మాంసమో చేపో, పోనీ ఎలుకో దొరకాలి. అపార్టుమెంటు పిల్లికి ఎలుక కూడా గగనమే!

ఇక పిల్లి పంజాకు ముల్లు గుచ్చుకుందనుకుందాం. సూక్ష్మజీవి జాడ తగలగానే తెల్ల కణంలోని ఫాస్ఫోలైపేజ్ అనే ఎంజైము పొర నుంచి అరాకిడోనిక్ ఆమ్లాన్ని తుంచి తీస్తుంది. సైక్లోఆక్సిజనేజ్ దానితో ప్రోస్టాగ్లాండిన్ ఇ2 తయారీకి దారి తీస్తుంది. వాపు, నొప్పి, జ్వరం దాని పనే. ఆస్పిరిన్ ఆపేది ఈ దారినే అని 1971లో జాన్ వేన్ తేల్చారు. 1982లో నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఆయనొకరు. మరో దారిలో తయారయ్యే ల్యూకోట్రైన్ బి4, న్యూట్రోఫిల్ అనే తోటి తెల్ల కణాలను గాయం దగ్గరికి రప్పిస్తుంది.

మత్తి చేప కొవ్వులో ఇపిఎ అనే ఒమేగా-3 ఆమ్లం ఉంది. అరాకిడోనిక్ ఆమ్లంలోలాగే దీనిలోనూ కార్బన్లు 20. ద్విబంధాలు మాత్రం నాలుగుకు బదులు ఐదు. ఇది పొరలో చోటు సంపాదిస్తే అవే ఎంజైములు ల్యూకోట్రైన్ బి5 తయారుచేస్తాయి. దాని పిలుపు నీరసం. గుమిగూడే కణాలు తగ్గుతాయి.

ఇది తిండిలోని ఇంకేదో తేడా వల్ల కావచ్చు కదా? 2004లో ఒక నులిపురుగు జన్యువును చిట్టెలుకల్లో పెట్టారు. అవి మామూలు చిట్టెలుకల తిండే తిన్నా, అరాకిడోనిక్ లాంటి ఒమేగా-6 ఆమ్లాలను ఒమేగా-3గా మార్చుకున్నాయి. తర్వాతి ప్రయోగాల్లో వాటికి పేగువాపు తక్కువగా వచ్చింది.

అలాగని చేప నూనె సీసాల మీద ‘రోగనిరోధక శక్తిని పెంచుతుంది’ అని రాయడం నాకు మింగుడుపడదు. వాపు తగ్గడం వేరు, సూక్ష్మజీవి చావడం వేరు. చేప నూనె ఎక్కువగా పెట్టిన చిట్టెలుకలు లిస్టీరియా బ్యాక్టీరియాను వదిలించుకోలేక వెనకబడ్డాయి. చేపలే తిండిగా పెరిగిన పిల్లులకు విటమిన్ ఇ చాలక, ఒంట్లో కొవ్వు పసుపుపచ్చగా గట్టిపడి, తాకితే నొప్పి పుట్టే జబ్బు వస్తుంది.

కీళ్ల నొప్పుల ముసలి కుక్కకు అదే నూనె కొంత హాయినివ్వవచ్చు. ఎంత వేయాలన్నది దాని బరువును బట్టి పశువైద్యులు చెప్పాలి. వేపేరి పశువైద్యశాలకైనా, వీధి చివరి క్లినిక్‌కైనా దాన్ని ఆపరేషన్ కోసం తీసుకెళ్తే మాత్రం, “డాక్టరుగారూ, చేప నూనె వేస్తున్నామండీ” అని ముందే చెప్పాలి. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్ల పొరలోకీ ఆ కొవ్వే చేరుతుంది.