పాత ఫోన్ ఆమె చేతికొచ్చినప్పట్నుంచి

మొగుడూ పెళ్లాల మధ్య ఫోన్ గొడవ మళ్లీ పైకొచ్చింది. ఒకళ్లకి తెలియకుండా ఇంకొకళ్లు రికార్డు చేసిన మాటల్ని విడాకుల కేసులో సాక్ష్యంగా వాడుకోవచ్చని సుప్రీంకోర్టు 2025 జూలై 14న చెప్పిన కాడ్నుంచి మా నెల్లూరులో వేదాయపాళెం, బుజబుజ నెల్లూరు పక్క కాలనీల్లో ఇద్దరు ఆడోళ్లు కలిస్తే ఇదే మాట.

నన్నడిగితే అసలు మలుపు కోర్టులో లేదు. 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది, అంతకుముందు 1 జీబీకి రెండొందల పైన పెట్టినోళ్లకి 2017 మార్చి 31 దాకా నెట్ ఫ్రీగా దొరికింది, కానీ ఆ సిమ్‌కి ఫోర్‌జీ ఫోన్ ఉండాల కాబట్టి చాలా ఇళ్లల్లో ముందు కొనుక్కుంది మగాళ్లే. రెండేళ్లు వాడాక స్క్రీన్ పగిలి, ఛార్జింగ్ నిలబడక ఆయన కొత్తది తెచ్చుకుంటే పాతది ఆమెకిచ్చారు. ఫోన్ ఇచ్చారు గానీ లోపల జీమెయిల్ అకౌంట్ ఆయనదే ఉండిపోయింది. ఇంక ఆమె తీసిన ఫోటో ఆయన ఫోన్లో కనపడుద్ది, యూట్యూబ్‌లో ఏం వెతికిందో ఆయనకి తెలుస్తది, ఎవరి నంబర్ సేవ్ చేసుకున్నా అక్కడికి పోద్ది. సిమ్ కూడా ఆయన ఆధార్ మీదే. అందరూ కావాలనే చేశారని నేను అనట్లేదు, తెలియక వదిలేసినోళ్లే ఎక్కువ, కానీ తెలిశాక కూడా తియ్యలేదు చూడండి, గొడవంతా అక్కడ మొదలైంది.

2020లో లాక్‌డౌన్ వచ్చి పిల్లల ఆన్‌లైన్ క్లాసులు కూడా ఆ పగిలిన ఫోన్ మీదే పడ్డాయి. చెన్నైలో ఉద్యోగం చేసుకుంటా శనివారం రైలుకి ఇంటికొచ్చే మగాళ్లు మా పక్క చాలామంది, వాళ్లు నెలల తరబడి ఇంట్లోనే ఉండిపోయారు. మళ్లీ డ్యూటీలకి పోయాక సాయంత్రాలు వీడియో కాల్ అలవాటైంది. మా వీధిలో ఒకమ్మాయి పోపుల డబ్బాకి ఫోన్ ఆనించి దోశలు పోస్తా ఉండేది, అవతల ఆయన ఏం మాట్లాడడు, చూస్తా ఉంటాడంతే, బెల్లు మోగితే మాత్రం "ఎవరొచ్చారు, చూపించు" అంటాడు. దాన్ని ప్రేమ అనుకున్నా అక్కా కొన్నాళ్లు, అని నాతో చెప్పింది.

ఇంకో సంగతి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఈ ఫోన్లేవీ చేతికి రాకముందే, 2007 డిసెంబర్లో, భార్య మాటల్ని ఆమెకి తెలియకుండా భర్త రికార్డు చేస్తే అది ఆమె ప్రైవసీని కాలరాసినట్టేనని, ఆ టేపు నిజమైందే అయినా సాక్ష్యంగా చెల్లదని చెప్పింది. పంజాబ్ హర్యానా హైకోర్టు కూడా 2021లో అట్టాంటి రికార్డింగ్‌ని ఒప్పుకోలేదు, ఆ తీర్పునే ఇప్పుడు సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒకళ్లమీద ఒకళ్లు నిఘా పెట్టుకునే దాకా వచ్చిందంటే ఆ కాపురం అప్పటికే చెడిపోయిందని జడ్జీలు అన్నారు. చెడిపోయిన ఇళ్లకి అది సరిపోద్దేమో. నిఘా ముందొచ్చి దానివల్లే కాపురం చెడిన ఇళ్ల సంగతేంది? తప్పుడు కేసు పెడితే రికార్డింగ్ తప్ప మాకేం ఆధారం ఉందని మగాళ్లు అడగతన్నారు, అదీ నిజమే, తీర్పు ఇద్దరికీ వర్తిస్తది. కానీ ఎవరి ఫోన్ ఎవరి అకౌంట్లో ఉందో చూస్తే ఆ హక్కు ఇద్దరి చేతుల్లో ఒకేలా లేదు.

తీర్పు వచ్చిన వారానికి ఆ దోశల అమ్మాయి ఫోన్ తీసుకుని మా ఇంటికొచ్చింది, "ఆయన అకౌంట్ తీసెయ్యి అక్కా" అని. తీసేస్తే అందులో సేవ్ చేసిన నంబర్లన్నీ పోతాయమ్మా అని చెప్పా. కాసేపు ఆలోచించి, ఇంటికి పోయి గ్యాస్ బుక్కు తెచ్చుకుంది. చివరి పేజీలో వాళ్లమ్మ నంబరు, చెల్లెలిది, పిల్లోడి టీచర్‌ది, ఆమె దగ్గర బ్లౌజులు కుట్టించుకునేవాళ్లవి ఒక ఆరు, ఒక్కొక్కటే పైకి చదువుకుంటా పెన్నుతో రాసుకుంది, రాసి రెండోసారి సరిచూసుకుని, అప్పుడు ఫోన్ నా చేతికిచ్చింది.