మళ్ళీ అదే కాయితం: మయామీ క్యూబా కుటుంబాల గొడవ వెనక 1980

మయామీలో క్యూబా కుటుంబాల గ్రీన్‌కార్డ్ గొడవ మళ్ళీ రాజుకుంది. బోర్డర్‌లో ఐ-220ఏ అనే విడుదల కాయితం ఇచ్చి వదిలేసినవాళ్ళని పెరోల్ (దేశంలోకి తాత్కాలికంగా రానిచ్చే అనుమతి) మీద వచ్చినవాళ్ళుగా లెక్కేయడం కుదరదని అమెరికా ఇమిగ్రేషన్ అప్పీళ్ళ బోర్డు 2023లో తేల్చింది, దాంతో పెరోల్ లాంటి అనుమతితో వచ్చిన క్యూబా వాళ్ళ కోసం ఉన్న 1966 చట్టం కింద ఏడాది తర్వాత అడగాల్సిన గ్రీన్‌కార్డ్ వీళ్ళకి ఆగిపోయింది. క్యూబాలో ఫిడెల్ కాస్ట్రో అధికారంలోకి ఎలా వచ్చాడు, మొదట ఎవరు పారిపోయారు అన్నది అందరికీ తెలిసిందే, అది వదిలేద్దాం. చూడాల్సింది 1980.

ఆ ఏప్రిల్‌లో హవానాలోని పెరూ ఎంబసీ ఆవరణలోకి సుమారు 10 వేల మంది దూరారు. పోయేవాళ్ళు పోండని కాస్ట్రో మారియెల్ రేవు తెరిచాడు, అక్టోబరు ఆఖరుకల్లా దాదాపు 1,25,000 మంది ఫ్లోరిడా చేరారు. పోయేవాళ్ళకి ఆయన పెట్టిన పేరు 'ఎస్కోరియా', అంటే చెత్త. వెళ్తున్నామని తెలిస్తే చాలు ఇంటి ముందు గుంపు, తిట్లు, గోడల మీద పగిలిన కోడిగుడ్లు, అరిచేవాళ్ళలో ఇరుగుపొరుగు వాళ్ళే ఉండేవాళ్ళు, లోపల పిల్లలు అదంతా వింటూ కూర్చునేవాళ్ళు.

ఇక్కడికొచ్చాకైనా ఊరట దొరికిందా అంటే లేదు. మయామీలో ఐ-95 హైవే వంతెన కింద టెంట్లు, పైన రాత్రంతా లారీల మోత. చేతిలో కాయితం మీద 'ఎంట్రెంట్, స్టేటస్ పెండింగ్', అంటే లోపలికొచ్చారు గానీ హోదా తేలలేదు, రెఫ్యూజీ కూడా కాదు. మన హెచ్-1 ఇళ్ళల్లో పెరిగిన పిల్లలకి పెండింగ్ అన్న మాట బరువు నేను చెప్పక్కర్లేదు. ముందే వచ్చి స్థిరపడ్డ క్యూబా వాళ్ళే చాలామంది వీళ్ళని 'మారియెలీతో' (మారియెల్ బాపతు) అని దూరం పెట్టారు, స్కూల్లో అది తిట్టయి కూర్చుంది. ఆ నవంబరులోనే మయామీ ఉన్న డేడ్ కౌంటీ ఓటర్లు ఇంగ్లీషు తప్ప వేరే భాషకి కౌంటీ డబ్బు ఖర్చుపెట్టకూడదని తీర్మానించారు, అది రద్దయింది 1993లో. నేరాలు పెరిగాయన్నది స్థానికుల వాదన. కాస్ట్రో జైళ్ళలోంచి కొందర్ని పడవలెక్కించిన మాట నిజమే, కానీ అప్పటి ప్రభుత్వ అంచనా ప్రకారమే తీవ్రమైన నేరస్తులు 2 శాతం లోపు, పేరు మాత్రం లక్షమందికి పైగా మోశారు.

నా లెక్కలో అసలు మలుపు 1984 చివర్లో వచ్చింది. ఆ 1966 చట్టమే మారియెల్ వాళ్ళకీ వర్తిస్తుందని ఇమిగ్రేషన్ శాఖ ఒప్పుకుంది. కొత్త చట్టం అక్కర్లేకపోయింది, ఉన్న చట్టాన్ని చదివే తీరు మారిందంతే. ఎనిమిదేళ్ళప్పుడు పడవ దిగిన పిల్లకి అప్పటికి పన్నెండు, ఇది మా ఊరు అనుకోడానికి మొదటిసారి ఒక ఆధారం దొరికింది. అప్పుడే పడవల్లో వచ్చిన హైతీ వాళ్ళు మాత్రం 1986 ఇమిగ్రేషన్ చట్టం దాకా ఆగాల్సొచ్చింది, అది అన్యాయమే.

ఇప్పుడు ఐ-220ఏ పట్టుకుని తిరుగుతున్నవాళ్ళలో ఎక్కువమంది 2021 తర్వాత మెక్సికో బోర్డర్ మీదుగా వచ్చినవాళ్ళు. కలిసి వచ్చిన ఒకే కుటుంబంలో ఒకరికి పెరోల్ కాయితం, ఇంకొకరికి ఐ-220ఏ ఇచ్చిన సందర్భాలున్నాయి. ఏ కాయితం ఇవ్వాలో ఎంచుకుంది ఆఫీసర్లు, వచ్చినవాళ్ళు కాదు.