షర్టు, స్కర్టు, మన కత్తెర: అపోహలు - వాస్తవాలు

భాషా చరిత్ర పాఠాన్ని నేను ఎప్పుడూ షర్టు, స్కర్టు అనే ఈ రెండు మాటలతోనే మొదలుపెడతాను. బోర్డు మీద రాయగానే క్లాసులో అనుమానాలు మొదలవుతాయి.

అపోహ: షర్టు వేరు, స్కర్టు వేరు. పోలిక కాకతాళీయం.

వాస్తవం: రెండూ ఒక తల్లి బిడ్డలే. క్రీ.పూ. 500 ప్రాంతంలో దక్షిణ స్కాండినేవియా, ఉత్తర జర్మనీల్లో మాట్లాడిన మూల జర్మానిక్‌లో (ఇంగ్లీషు, జర్మన్, స్కాండినేవియా భాషలకు తల్లి భాష) ‘స్కుర్ట్’ అంటే కురచ. దాని నుంచే కురచగా కోసిన బట్టకు పేరు పుట్టింది. పాత ఇంగ్లీషులో ‘స్క’ కాస్తా ‘ష’ అయి, ఆ పేరు షర్టుగా మిగిలింది. ఒకసారి ‘స్క’, వెంటనే ‘ష’ పలికి చూడండి, నాలుక ముందుకు జరగడం తెలుస్తుంది. మన నోటికీ ఇలాంటి అలవాటుంది: కన్నడంలో కెరె, కివి ఉన్నచోట మనకు చెరువు, చెవి ఉన్నాయి.

స్కాండినేవియాలో మాత్రం అప్పటికి ‘స్క’ చెక్కుచెదరలేదు. 9వ శతాబ్దంలో తూర్పు, ఉత్తర ఇంగ్లండుల్లో స్థిరపడ్డ డేన్ల (డెన్మార్క్ వాళ్ల) వెంట ‘స్కిర్తా’ వచ్చింది. 1300 నాటికి ఇంగ్లీషు రాతల్లో స్కర్టు కనిపిస్తుంది. బహుశా పొడవాటి అంగీ కింది భాగానికి ఆ పేరు నిలిచిపోయి ఉంటుంది. ఐస్‌లాండులో ఇప్పటికీ స్కిర్తా అంటే చొక్కానే! జర్మన్లకు ఇదే మూలం నుంచి వచ్చిన ‘షుర్త్సె’ వంటింట్లో కట్టుకునే ఏప్రన్.

అపోహ: ఇంగ్లీషువాళ్లు ‘షార్ట్’ నుంచి ‘షర్ట్’ చేసుకున్నారు.

వాస్తవం: చుట్టరికం నిజమే. కానీ ‘కురచ’ నుంచి బట్టకు పేరు పుట్టడం ఇంగ్లీషు పుట్టకముందే జరిగిపోయింది.

అపోహ: ‘స్కుర్ట్’ అనే ఆ మూలరూపం ఏదో శాసనంలో దొరికింది.

వాస్తవం: లేదు. పిల్ల భాషలను పోల్చి కట్టిన రూపమది. అందుకే పుస్తకాల్లో దాని ముందు నక్షత్ర గుర్తు పెడతాం.

అపోహ: మన కత్తెరకు మూలమైన కర్తరిలో ‘ర్త’, షర్టులో ‘ర్ట’ ఉన్నాయి. చుట్టరికానికి ఇంకేం సాక్ష్యం కావాలి?

వాస్తవం: నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. కత్తెర సంస్కృత ‘కర్తరి’కి తద్భవం. దాని వెనకా, షర్టు వెనకా ‘కోయడం’ అనే అర్థమున్న ఇండో-యూరోపియన్ (సంస్కృతానికీ, జర్మానిక్‌కీ ఉమ్మడి మూలభాష) ధాతువు ‘స్కెర్’ ఉందని భాషావేత్తల లెక్క. చుట్టరికం ఉన్నా ‘త’ మాత్రం దానికి సాక్ష్యం కాదు. జర్మన్ భాషావేత్త యాకోబ్ గ్రిమ్ 1822లో వివరించిన సూత్రం ప్రకారం పాత ‘త’ జర్మానిక్‌లో మామూలుగా ‘థ’ కావాలి. సంస్కృత ‘త్రి’కి ఇంగ్లీషులో జోడీ ‘థ్రీ’ అయింది అందుకే. జర్మానిక్‌లో ‘ట’గా మారేది పాత ‘ద’: ద్వి పక్కన టూ, దశ పక్కన టెన్ పెట్టి చూడండి. కత్తెరకూ షర్టుకూ ధాతువు ఒకటే, దాని చివర చేరిన ప్రత్యయాలే వేరు.